ప్లగ్గు కాలకముందే కూత: 137 అడ్వాన్సులతో ఒక చిన్న డబ్బా

2024 జనవరి 17

సంక్రాంతికి ఊరెళ్లి నిన్ననే తిరిగొచ్చాం. రాత్రి మా ఎలక్ట్రిక్ కారుని ఛార్జింగ్‌కి పెట్టి పైకొచ్చి పడుకున్నాను. పదకొండున్నరకి వాచ్‌మన్ ఇంటర్‌కామ్ చేశాడు. "సార్, సెల్లార్‌ల ఎండు చేపలు కాల్చినట్టు వాసనొస్తుంది. మా ఇంట్ల కాదు. మీ బండి కాడికెల్లే వస్తుంది" అన్నాడు.

కిందికి పరిగెత్తాను. చేపలూ లేవు, ఏమీ లేవు. పవర్ ప్లగ్గు కాలుతోంది. సాకెట్లు, స్విచ్చులు వేడెక్కితే వాటి ప్లాస్టిక్కు నుంచి ఇలా చేపల కంపు వస్తుందని తర్వాత తెలిసింది. స్విచ్ ఆపి, పావుగంట ఆగి ప్లగ్గు లాగి చూశాను. ఫేజ్ పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్కు దోశ అంచులా గోధుమరంగుకి తిరిగింది. న్యూట్రల్ వైపు మాత్రం కొత్తదానిలా ఉంది.

తప్పు బండిదీ కాదు, బండితో వచ్చిన ఛార్జర్‌దీ కాదు. పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే ఫేజ్ వైరు స్క్రూ వేలితో తిప్పినా తిరిగింది.

జనవరి 21

కాగితం మీద లెక్క వేశాను. నాది 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న పాత నెక్సాన్ ఈవీ. ఇంట్లో 15 యాంప్స్ ప్లగ్గు నుంచి సుమారు 3.3 కిలోవాట్లు లాగుతుంది. అంటే 230 వోల్టుల దగ్గర 14 యాంపియర్ల పైచిలుకు. ఖాళీ బ్యాటరీ నిండాలంటే తొమ్మిది గంటలు దాటుతుంది. లూజు కాంటాక్ట్ దగ్గర ఒక ఓమ్‌లో పదో వంతు నిరోధం ఉన్నా చాలు, ఆ ఒక్క చోటే 20 వాట్ల వేడి పుడుతుంది. నా సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. సాకెట్ లోపల దాన్ని రాత్రంతా ఆన్‌లో వదిలేసి పడుకున్నట్టే లెక్క.

కరెంటు మితి మీరితే పడిపోయే స్విచ్, అదే ఎమ్‌సీబీ, ఎందుకు పడలేదని ఇంట్లో అడిగారు. దానికి కనిపించేది 14 యాంపియర్లే, అది 20 యాంపియర్ల ఎమ్‌సీబీ. దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంది. కరెంటు లీకేజీ లేదు కాబట్టి లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ కూడా పడదు. గీజర్ కూడా బాగానే లాగుతుంది. కానీ దాన్ని ఇరవై నిమిషాల్లో ఆపేస్తాం. అందుకే చాలా ఇళ్లలో సాకెట్ సంగతి బయటపడదు. తొమ్మిది గంటలు ఆగకుండా లాగే వస్తువు మన ఇళ్లలోకి వచ్చింది ఈ బండ్లతోనే.

సాకెట్ మార్పించాను. మీటర్ నుంచి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు నేరుగా వేయించాను. అసలు మందు ఇదే. అయినా మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. గంటకోసారి కిందికి దిగి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూసి రావడం, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు తడిమినట్టు. ఈ తడిమే పనేదో ఒక డబ్బాకి అప్పగిస్తే?

ఫిబ్రవరి 11

మొదటి నమూనా పని చేసింది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 10 కిలో ఓమ్‌ల ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే చిన్న ముక్క) ఒకటి, ఏటీటైనీ85 అనే చిన్న చిప్పు, బజర్, రెండు ట్రిపుల్ ఏ సెల్స్. ముందు ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్పుతో ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చేశాను. రెండు తలనొప్పులు తగిలాయి. సెల్లార్‌లో వైఫై లేదు, ఫోన్ సిగ్నల్ కూడా ఒక గీతే. పైగా వైఫై ఆన్ చేస్తే సెల్స్ నెల తిరక్కుండా చచ్చిపోయాయి. చిన్న చిప్పయితే 8 సెకన్లకోసారి లేచి, కొలిచి, మళ్లీ పడుకుంటుంది. థర్మిస్టర్‌కి కూడా ఆ కొలిచే క్షణమే కరెంటు ఇస్తాను. ఈ లెక్కన సెల్స్ ఏడాది పైనే రావాలి.

డబ్బాని, దాన్ని ప్లగ్గుకి పట్టి ఉంచే క్లిప్పుని పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్కుతో త్రీడీ ప్రింట్ చేశాను. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుందని పుస్తకాల్లో చదివిందే, అయినా చేశాను. పరీక్ష కోసం 1500 వాట్ల వాటర్ హీటర్ రాడ్లు రెండు, రెండు బకెట్లలో పెట్టి 13 యాంపియర్లు లాగించాను. కావాలనే స్క్రూ వదులు చేసిన సాకెట్. నలభై నిమిషాల్లో క్లిప్పు ఎండకు పెట్టిన మైనపు బొమ్మలా ఒక పక్కకి వాలింది. ప్లగ్గు వేడిని పసిగట్టాల్సిన వస్తువు ప్లగ్గు వేడికే కరిగిపోయింది. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టింది, వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

మార్చి 3

డబ్బా కూత ఒక్కటే పెడుతుంది, కరెంటు కట్ చేయదు. ఇది ఎందుకో రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ముందు ముందు అందరూ ఇదే అడుగుతారు.

కట్ చేయాలంటే 14 యాంపియర్లు నా డబ్బాలోంచి పోవాలి. అప్పుడు అదొక ప్లగ్గు, ఒక సాకెట్, ఒక రిలే. అంటే ఇంకో నాలుగు కాంటాక్టులు. లూజయ్యే చోట్లు తగ్గించాల్సిన నేను పెంచినట్టవుతుంది. దానికి సర్టిఫికెట్లు, ల్యాబ్ పరీక్షలు వేరు. ఇంకో దారి ఉంది. ఛార్జర్‌కీ బండికీ మధ్య కంట్రోల్ పైలట్ అనే సన్న తీగ ఉంటుంది. దాని మీద 12 వోల్టులుంటే బండి తగిలించలేదని, 9 అయితే తగిలించారని, 6 అయితే ఛార్జింగ్ ఎక్కించమని అర్థం. ఆ తీగ తెంపితే ఛార్జర్ తనంతట తనే కరెంటు ఆపేస్తుంది. పద్ధతి ముచ్చటగా ఉంది, కానీ ఛార్జర్ విప్పాలి. వారంటీ గోవిందా. వందమంది చేత వారంటీ పోగొట్టే పని నేను పెట్టుకోను.

కాబట్టి కూతే. మోగితే వాచ్‌మన్ వెళ్లి స్విచ్ ఆపుతాడు. సొంత ఇల్లయితే పోర్టికో పక్క బెడ్రూమ్‌లోకి వినిపిస్తుంది.

మార్చి 19

తెలిసిన ఈవీ ఓనర్లకి వీడియో పంపాను. "నాకొకటి" అన్నవాళ్లు యాభై దాటారు. నా జేబులో అంత లేదు. వంద డబ్బాలకి విడిభాగాలు ఒకేసారి కొంటేనే ధర దిగుతుంది.

జ్యూస్‌బాక్స్ అనే ఇంటి ఈవీ ఛార్జర్ 2013లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో జనం ముందుగా ఇచ్చిన డబ్బుతోనే మొదలైంది. మనం ఇండియా అడ్రసుతో అక్కడ ప్రాజెక్టు పెట్టలేం. ఇక్కడున్న వేదికలు ఎక్కువగా వైద్యం ఖర్చులకి విరాళాలు సేకరించేవి. గుండె ఆపరేషన్ల పక్కన నా ప్లగ్గు డబ్బా పెట్టడానికి మనసొప్పలేదు. అందుకని వేరే బ్యాంకు ఖాతా తెరిచి, దాని యూపీఐ కోడ్ పెట్టి, కిక్‌స్టార్టర్ నియమం ఒకటి మాత్రం అరువు తెచ్చుకున్నాను: 30 రోజుల్లో 100 మంది రాకపోతే అందరి డబ్బూ వెనక్కి. ధర 950 రూపాయలు, జీఎస్టీ, కొరియర్ కలిపి.

పిలుపులో మొదటి వాక్యం ఇలా రాశాను: "ఇది కొనే ముందు మీ సాకెట్ విప్పించి స్క్రూలు బిగించండి. మంచి వైరింగ్ ఉన్నవాళ్లకి ఇది అక్కర్లేకపోవచ్చు." మా బావమరిది చదివి తల పట్టుకున్నాడు. "బావా, నువ్వు అమ్ముతున్నావా, వద్దంటున్నావా?"

మార్చి 28

సీఏగారి దగ్గరికి వెళ్లొచ్చాను. రెండు విషయాలు చెప్పారు. ఒకటి, వేరే రాష్ట్రానికి ఒక్క డబ్బా పంపినా టర్నోవర్‌తో పని లేకుండా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. విజయవాడ, బెంగళూరు, పూణే వాళ్లు అప్పటికే డబ్బు కట్టేశారు. సరుకు మీద తీసుకున్న అడ్వాన్సుకి 2017 నవంబర్ నుంచి అప్పటికప్పుడు పన్ను కట్టక్కర్లేదు, బిల్లు వేసినప్పుడు కడితే చాలు. అదొక ఊరట. రెండోది, కంపెనీలైతే సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుని 365 రోజుల్లో సరుకు కింద సర్దేయాలి. లేకపోతే 2014 నాటి రూల్స్ ప్రకారం అది డిపాజిట్ కిందికి వస్తుంది. నాది కంపెనీ కాదు. అయినా ఆ 365 రోజులు నాకూ గడువే అని గోడ మీద రాసుకున్నాను.

"తీసుకున్న పూట నుంచి అది అప్పే అనుకో. డబ్బా వాళ్ల చేతికి వెళ్లిన రోజే అది నీ డబ్బు" అన్నారాయన.

ఇవాళే విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక పెద్దాయన ఫోన్. "బాబూ, ఇది చీటీయా, చందాయా?" అని అడిగారు. చందా అయితే లెక్క అడగకూడదు, చీటీ అయితే పాట ఎప్పుడో చెప్పాలి అని ఆయన లాజిక్కు. రెండూ కాదండీ, టైలర్‌కి గుడ్డ కొనుక్కోమని ఇచ్చే అడ్వాన్సు లాంటిది అన్నాను. "టైలర్లు పండక్కి ఇస్తామని పండగెళ్లాక ఇస్తారు గదా" అని నవ్వి, రెండు డబ్బాలకి పంపారు.

ఏప్రిల్ 18

గడువు ముగిసింది. 137 డబ్బాలు, 1,30,150 రూపాయలు. మూడు వారాల వరకు 40 దగ్గరే కొట్టుమిట్టాడింది. ఉగాది నాడు నేను చేసింది ఒకటే: వాలిపోయిన క్లిప్పు ఫోటో పెట్టి జరిగింది జరిగినట్టు రాశాను. మర్నాటికి 31 మంది కొత్తగా వచ్చారు. బాగా పనిచేసిన వీడియోకి రాని జనం పాడైపోయిన ముక్కకి వచ్చారు.

ఏప్రిల్ 27

పెద్ద తప్పు ఒకటి దొరికింది, మంచికే. ఫిబ్రవరిలో 50 డిగ్రీలకి మోగేలా పెట్టాను. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం పోర్టికోలో ఎండ పడే గోడ మీద ప్లగ్గు, బండి తగిలించకుండానే, 49 చూపిస్తోంది. మే నెలలో ఇవి ఊరంతా ఊరికే మోగుతాయి. పది రోజులకి జనం సెల్స్ పీకేస్తారు.

చూడాల్సింది వేడి ఎంత ఉందని కాదు, చుట్టూ ఉన్న గాలి కంటే ఎంత పెరిగిందని. ప్లగ్గులూ సాకెట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60884-1 కూడా అలాగే మాట్లాడుతుంది, టెర్మినళ్ల దగ్గర పెరుగుదల 45 డిగ్రీలు దాటకూడదని. కాబట్టి రెండో థర్మిస్టర్ పెట్టాను, డబ్బా కింది వైపు, గాలికి. బకెట్ల పరీక్షలో పిన్ను 70 దగ్గర ఉంటే ప్లగ్గు ఒంటి మీద 50 చిల్లరే కనిపిస్తోంది. బాగున్న సాకెట్లో తేడా 8 నుంచి 12 మధ్య ఆగుతోంది. 20 దాటితే మోగాలి అని పెట్టాను. డబ్బాకి పదకొండు రూపాయలు పెరిగింది.

మే 16

అరుగు మీద ముప్పై సర్క్యూట్ బోర్డులు. అన్నీ గదిలో 34, 35 చూపించాయి, అంతా సరే అనుకున్నాను. అలవాటు కొద్దీ టీ గిన్నెలో నీళ్లు మరిగించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన థర్మిస్టర్లని ఒక్కొక్కటే ముంచాను. హైదరాబాద్ సముద్ర మట్టానికి ఐదొందల మీటర్ల పైన ఉంటుంది కాబట్టి నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. మొదటిది 97. రెండోది 98. మూడోది 87!

నీళ్లు చల్లబడ్డాయేమోనని మళ్లీ మరిగించాను. 87. ఐస్ నీళ్లలో పెడితే సున్నాకి బదులు 3. గదిలో మాత్రం బుద్ధిమంతుడిలా పక్కవాటితో సమానంగా ఉంటుంది. అప్పుడు వెలిగింది. థర్మిస్టర్లన్నీ 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లే, కానీ వేడికి వాటి నిరోధం ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే బీటా అంకె వేరు. నేను అడిగింది 3950. ప్యాకెట్లో కొన్ని 3435వి కలిశాయి. నిజంగా 60 డిగ్రీలున్నప్పుడు వాటితో నా చిప్పు 55 అనుకుంటుంది. మోగాల్సిన చోట నోరు మూసుకుని కూర్చుంటుంది.

ముప్పైలో ఏడు అవే. షాపతను "అన్నీ టెన్‌కే నే గదా సార్" అన్నాడు. అతనూ ఎవరి దగ్గరో కొన్నాడు, అతన్ని అని ఏం లాభం. అన్నీ పారేసి, బీటా రాసి ఇచ్చేవాళ్ల దగ్గర 300 కొత్తవి తెప్పించాను. ఇకనుంచి ప్రతి డబ్బాకీ రెండు స్నానాలు, ఒకటి ఐస్ నీళ్లలో, ఒకటి మరిగే నీళ్లలో. ఇంట్లో టీ గిన్నె కొత్తది కొనాల్సి వచ్చింది.

13న పోలింగ్. బోర్డులు అతికించే కుర్రాళ్లు ఓటేయడానికి పదో తారీఖునే ఊళ్లకి వెళ్లారు, ఇంకా సగం మంది రాలేదు. జూన్‌లో ఇస్తానని చెప్పిన మాట పోయినట్టే. ఇవాళే అందరికీ రాసేశాను, ఆగస్టు అని. ఇద్దరు డబ్బు వెనక్కి అడిగారు, గంటలో పంపాను. ఆ పంపడం చూసి మిగతావాళ్లు నెమ్మదించారని తర్వాత తెలిసింది.

జులై 6

క్లిప్పు, డబ్బా పోసే అచ్చు (డై) కోసం బాలానగర్ తిరిగాను. మూడు షాపులు. చెప్పిన ధరలు లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా. మొత్తం వసూలైందే లక్షా ముప్పై వేలు. చివరి షాపులో పెద్దాయన నమూనా తిప్పి తిప్పి చూసి, "సార్, దీనికి డై ఎందుకు? డబ్బా రెడీమేడ్‌ది కొనండి. ప్లగ్గుకి పట్టుకునేది క్లిప్పే కావాలని ఎవరన్నారు? రబ్బరు పట్టీ వేయండి. రేపు ఇంకో బండి ప్లగ్గు ఇంకో సైజుంటే మీ క్లిప్పు ఏం చేస్తది?" అన్నాడు. నేను పని ఇస్తే ఆయనకి రెండు లక్షలు. ఆ మాట చెప్పి టీ కూడా తాగించి పంపాడు.

నిజమే. నాలుగు రకాల ఛార్జర్ల ప్లగ్గులు తెచ్చి చూస్తే నాలుగూ నాలుగు ఆకారాలు. సిలికాన్ పట్టీ అన్నిటికీ పట్టింది. తేలిగ్గా మంట అంటుకోని రకం ఏబీఎస్ ప్లాస్టిక్కు డబ్బాలు రెడీమేడ్‌గా దొరికాయి. థర్మిస్టర్ 20 సెంటీమీటర్ల వైరు మీద, గ్లాస్ ఫైబర్ తొడుగులో. ఐదు నెలలు క్లిప్పు మీద పోశాను, పది రోజుల్లో పట్టీతో అయిపోయింది.

ఆగస్టు 15

స్టిక్కర్ ప్రూఫు వాచ్‌మన్‌కి చూపించాను. "మోగితే ముందు స్విచ్ ఆపండి. ప్లగ్గు పీకకండి" అని తెలుగులో, హిందీలో. కాలుతున్న ప్లగ్గుని కరెంటుండగా లాగితే నిప్పు రవ్వలొస్తాయి. అతను అటూ ఇటూ తిప్పి, "నాకు సదువు రాదు గద సార్, బొమ్మెయ్యి" అన్నాడు. ఇన్నాళ్లూ ఎవరికి మోగుతుందో, చదవాల్సిందీ అతనే అని తట్టలేదు. ఇప్పుడు స్టిక్కర్ మీద స్విచ్ నొక్కుతున్న వేలు, ప్లగ్గు మీద ఎర్ర ఇంటూ గుర్తు. అతనికి ఒక డబ్బా మోగించి చూపిస్తే, "పిట్ట పిల్ల లెక్క అరుస్తుంది, ఇంకింత గట్టిగ ఉండాలె" అన్నాడు. బజర్ మూతకి రంధ్రం 3 మిల్లీమీటర్ల నుంచి 6కి పెంచాను. తేడా బాగా తెలిసింది.

సెప్టెంబర్ 4

గత నెల 28న మొదటి 60, 30న ఇంకో 48 కొరియర్‌కి ఇచ్చాను. ఒకటో తారీఖున వానలు. విజయవాడ హైవే మీద నీళ్లు, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. విజయవాడ డబ్బాలు ఆరు అదృష్టవశాత్తూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి. పెద్దాయన ఫోన్ రెండు రోజులు కలవలేదు. ఇవాళ కలిసింది. మేడ మీద ఉన్నాం, అందరం బాగానే ఉన్నాం, బండి మాత్రం నీళ్లలోనే ఉంది అన్నారు. నీళ్లు దిగాక కూడా ఛార్జింగ్ పెట్టొద్దు, సర్వీస్ వాళ్లు చూసేదాకా స్టార్ట్ చేయొద్దు అని మాత్రం చెప్పి పెట్టేశాను. డబ్బా ఊసు నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

అక్టోబర్ 20

లెక్క. 137లో నలుగురు డబ్బు వెనక్కి తీసుకున్నారు, 127 చేరాయి, ఆరు నా అల్మారాలో. ఖాతాలో మిగిలింది నాలుగు వేల చిల్లర. నా శ్రమ అందులో లేదు.

ఇప్పటిదాకా తొమ్మిది మందికి నిజంగా మోగింది. ఏడుగురివి వదులైన స్క్రూలు. ఒకరిది అల్యూమినియం వైరు. ఇంకొకరు ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి ఛార్జ్ చేస్తున్నారు, ఆయన్ని గట్టిగానే అన్నాను. ఊరికే మోగినవి మూడు. అన్నీ ఒకే రకం: గాలి కొలిచే థర్మిస్టర్ గోడకి ఆనుకుని ఉంది.

యాప్ లేదని మొదటి నుంచీ సణిగినవాళ్లలో ఒకాయన ఈ వారం ఒక వార్త పంపారు. జ్యూస్‌బాక్స్‌ని 2017లో కొన్న ఎనెల్ సంస్థ ఉత్తర అమెరికాలో ఆ వ్యాపారం ఈ నెల 11న మూసేసింది. ఛార్జర్లు కరెంటైతే ఇస్తాయి, యాప్ సపోర్టు పోయింది. కింద ఆయన ఒక్క మాటే రాశారు: "మీ పిట్టే నయం."

సాయంత్రం సింగ్‌నగర్ పెద్దాయన ఫోన్ చేశారు. బండి ఇన్సూరెన్సు ఇంకా తేలలేదట. డబ్బు పంపిస్తానండీ అంటే వద్దన్నారు. "రెండూ పంపు బాబూ. ఒకటి బండి వచ్చాక చూద్దాం. ఇంకోటి గీజర్ ప్లగ్గుకి కట్టుకుంటా. మొన్న దాని దగ్గర నాకూ చేపల కంపు కొట్టింది."

గీజర్ ప్లగ్గు పైకప్పు దగ్గరుంటుంది. నా వైరు 20 సెంటీమీటర్లే. రేపు ఆయన కోసం మీటరు వైరుతో ఒకటి కట్టి, ఐస్ నీళ్లలో, మరిగే నీళ్లలో ముంచి చూడాలి.